ముగ్గురు పట్టేంత జాగ

మా గుడిలో బెంచీలు వేస్తారన్న కబురు విని దిగులుపడ్డ మనిషిని మహారాష్ట్రలోని ఈ దుర్గాపూర్ మొత్తంలో నేనొక్కదాన్నే అనుకుంటాను. మోకాళ్ల నొప్పుల సారక్క అయితే, ఫాదర్ ఆ మాట పూర్తిచేయకముందే రెండు చేతులూ జోడించి, "యేసయ్యా, నా మొర ఇన్నవా తండ్రీ" అని పైకే అనేసింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పదిమందీ నవ్వుతుంటే మనం నవ్వకపోతే ఏమైందని అడుగుతారు. ఆ అడగడమే నాకు పడదు.

పాస్కా పండుగ, అదే ఈస్టర్, అయిన మరుసటి ఆదివారం అది. ఫాదర్ కేరళ నుంచి కొత్తగా వచ్చినవాడు, చిన్న వయసు. హిందీలో తెలుగు కలిపి, తెలుగులో హిందీ కలిపి మాట్లాడతాడు. పూజ అయ్యాక పెద్ద కాగితం మీద గీయించిన నక్షా ఒకటి తెచ్చి పీఠం దగ్గర నిలబెట్టాడు. గోడకు ఆనుకొని ఉన్న బలిపీఠం ముందుకు జరుగుతుందట, మూడు మెట్ల ఎత్తున. వెనక మూలన పడి ఉన్న జ్ఞానస్నానం తొట్టి పీఠం పక్కకు వస్తుంది. షాబాదు బండలు పోయి టైల్స్ వస్తాయి. అటూ ఇటూ ఉన్న పక్క తలుపులు రెండూ మూసేస్తారు, ఇకనుంచి అందరికీ ఎదురు తలుపు ఒక్కటే. చాపలుండవు. బెంచీలు.

"మగవాళ్లు అటు, ఆడవాళ్లు ఇటు, ఇంక లేదు," అన్నాడు ఫాదర్. "అబ్ సే పూరా పరివార్ ఏక్ బెంచ్. భర్త, భార్య, పిల్లలు. ఇంట్లో ఎలా ఉంటారో, దేవుని ఇంట్లో అలా ఉండాలి."

మా ఇంట్లో ఎలా ఉంటామో తెలిస్తే ఆ మాట అని ఉండేవాడు కాదు.

నేనూ మా ఆయన సదానందం ఆరేళ్లుగా మాట్లాడుకోవడం లేదు. ఒకే కప్పు కింద ఉండి, ఒకే కుండలో వండింది తిని అదెలా కుదురుతుందంటారా, భేషుగ్గా కుదురుతుంది. కావలసిందల్లా మొండితనం. ఆయనకది బొగ్గుబాయిలో పనిచేసి వచ్చింది, నాకు ఆయనతో కాపురం చేసి వచ్చింది. కూరలో ఉప్పెక్కువైతే ఆయన గోడకు చెబుతాడు. నేను గిన్నెలకు జవాబిస్తాను. తలుపు గొళ్లేనికి సంచి తగిలించాడంటే బజారుకు పోతున్నాడని. అందులో ఖాళీ నూనె సీసా పడేశానంటే నూనె తెమ్మని. మాట అవసరం లేకుండా సంసారం ఎంత దూరమైనా సాగుతుంది, నమ్మండి.

ఇదంతా మా అర్చన పెళ్లితో మొదలైంది. ఒక్కతే కూతురు. సచిన్‌ను చేసుకుంటానంది. పిల్లవాడు మరాఠీవాడు, మన గుడివాడు కాదు, గడ్‌చాందూర్‌లో సిమెంటు ఫ్యాక్టరీలో పని. పెళ్లి గుడిలో కాలేదు, రిజిస్ట్రారు ఆఫీసులో అయింది. ఆయన గడప దాటనన్నాడు. నేను వెళ్లి సాక్షి సంతకం పెట్టి వచ్చాను. వచ్చేసరికి మంచం మీద కూర్చొని ఉన్నాడు. "దాని పేరు ఈ ఇంట్ల ఎత్తొద్దు. నువ్వు నాతోని మాట్లాడొద్దు," అన్నాడు. ఒకసారి నోరుజారి అర్చన పేరెత్తితే సంచిలో బట్టలు పెట్టుకొని మంథని పోయాడు, అక్కడి చుట్టాలే సర్దిచెప్పి పంపారు. మళ్లీ ఎత్తలేదు నేను.

కూతురి మీద ఆయనకు కోపమని ఊరందరికీ తెలుసు. మా ఇద్దరి మధ్య మాటల్లేవని మాత్రం ఎవరికీ తెలియదు. తెలియకుండా దాచింది ఆ గుడే. ఎడమవైపు మరియమాత, ఆ తల్లి కింద ఆడవాళ్లం. కుడివైపు ఆ తల్లి భర్త జోజప్ప, ఆయన కింద మగవాళ్లు. నడుమ ఫాదర్ నడిచే దారి. మా ఆయన స్కూటర్ పెట్టి కుడి తలుపులోంచి పోయేవాడు, నేను ఎడమ తలుపులోంచి పోయేదాన్ని. పూజలో ఒకరికొకరు సమాధానం, అంటే శాంతి, చెప్పుకొమ్మని ఫాదర్ అన్నప్పుడు మగవాళ్లు మగవాళ్లకు, ఆడవాళ్లు ఆడవాళ్లకు చేతులు జోడించేవాళ్లు. ఆ ఏర్పాటు చేసిన పెద్దలెవరో గాని, మా పరువు ఆరేళ్లు వాళ్లే కాపాడారు.

ఇంకోటి కూడా చెప్పాలి. వారమంతా నన్ను పిలిచే గొంతు లేని ఇంట్లోంచి వచ్చి ఆ చాప మీద కూర్చుంటే ప్రాణం లేచి వచ్చేది. ఒకరి మోకాలు ఒకరికి తగులుతూ, ఎవరి పిల్లో వచ్చి ఒడిలో పడుకొని, పక్కనుంచి మల్లెపూలూ జండూబామూ కలిసిన వాసన. ఒంటరితనాన్ని చెప్పులతో పాటు గుమ్మం బయట విడిచి వచ్చేదాన్ని. ఇప్పుడు భార్యాభర్తలు ఒక్కచోట కూర్చోవాలంటే మిగిలిపోయేది ఎవరో నాకు ఆ ఆదివారమే అర్థమైంది.

*

గుడి ఖాళీ చేసేటప్పుడు ఆడవాళ్లనూ రమ్మన్నారు. చంద్రపూర్ ఎండలు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, పొద్దున్నే మొదలుపెట్టినా చాపలు చుట్టి బయట పెట్టేసరికి రవికలు వీపుకు అంటుకుపోయాయి. సిలువమార్గం పటాలు దించితే గోడమీద వాటి మేర సున్నం తెల్లగా మిగిలింది. మరియమాతను నలుగురం పట్టి దించి, తడిగుడ్డతో తుడిచి, స్కూలు గదిలో పెట్టాం.

చాపలు తీశాక చూస్తే నేల రెండు వైపులా నల్లగా నునుపుదేలి ఉంది. నడిమి దారి మాత్రం గరుకుగానే ఉంది. సారక్క చీపురు పక్కన పడేసి, గోడకు జారబడి కూర్చుంది.

"ఏమే కాంతమ్మా, పెండ్లినాడు తప్ప గుళ్లె మీ ఆయన పక్కకు ఎప్పుడన్న కూసున్నవా?"

"ఎక్కడిదక్కా."

"ఇగ కూసుందువు తియ్యి. నేనైతే ఖుషీగున్న. పూజల మా ఆయన గురక పెడ్తడని నలుగురు చెప్పుడే గని, పొడిచి లేపే మోక నాకు దొరకలే ఇన్నేండ్లు."

"నాకు నీ పక్కకే అలవాటైందక్కా."

"అలవాటుదేముందే, చెప్పులు మార్చినట్టు మారుతది," అని, నా భుజం మీద చెయ్యేసి బలంగా పైకి లేచింది. ఆ చెయ్యి ఇంకాసేపు ఉంటే బాగుండుననిపించింది.

రెండు రోజుల తర్వాత అటువైపు పోతూ లోపలికి తొంగిచూశాను. బండలన్నీ పెకిలించి ప్రహరీ గోడ వెంట పేర్చారు. రెండో కిటికీ కింద ఒక మూల విరిగిన బండ మీద నేనెప్పుడూ కూర్చునేదాన్ని. వెతికాను. అన్నిటికీ మూలలు విరిగే ఉన్నాయి. ఎండలో ఆ రాళ్ల ముందు నిలబడి ఏడ్చాను. బండ కోసం ఎవరైనా ఏడుస్తారా? నేను ఏడ్చాను.

*

మే ఆఖర్లో ఆయన బల్లార్‌పూర్‌లో పాత తోటిపనివాడెవరో పోతే చావుకు వెళ్లాడు. నేను గడ్‌చాందూర్ బస్సెక్కాను. ఏడాదికి రెండుమూడుసార్లు ఇలాగే ఆయన లేని పూట చూసుకొని పోయి వస్తుంటాను. కిటికీలోంచి గాలి కాదు, పొయ్యి ముందు కూర్చున్నట్టు సెగ.

మనవరాలు కోమల గుమ్మంలోనే "ఆజీ ఆలీ, ఆజీ ఆలీ" అని, అమ్మమ్మ వచ్చిందంటూ గెంతులేసింది. దానికి నాలుగేళ్లు. తెలుగు వింటుంది గాని జవాబు మరాఠీలోనే చెబుతుంది. అర్చన పోలెలు, అవే బొబ్బట్లు, చేస్తోంది, అక్కడివాళ్లలా పల్చగా, జాజికాయ వేసి. నేను పీట వేసుకొని పక్కన కూర్చున్నాను.

"గుడి కొత్తగ చేస్తున్నరు బిడ్డా. జూన్ల మొదటి పూజ. ఇంటోళ్లంత ఒక్క బెంచీల కూసోవాల్నట. నువ్వు రా. సచిన్‌ను, పిల్లను తోల్కొని రా."

అర్చన చేతిలో పిండి ఆగింది. "బాపు పిలిచిండా?"

"మీ బాపు సంగతి నీకు తెల్వదా."

"అంటే పిలువలే. నేనొచ్చి కూసున్నంక బాపు లేసి బయటికి పోతే? గంతమంది ముందట, సచిన్ ముందట? నా బతుకేం గావాలె అమ్మా?"

ఆయన లేచి వెళ్లిపోడని పూచీ ఇవ్వగలిగితే ఇచ్చేదాన్ని.

"నేను రానంటలేను," అంది మెత్తగా. "బాపును ఒక్క మాట పిలువమను. ఫోన్ల పిలిచినా సాలు, ఉన్నపళంగ వస్త. నువ్వే చెప్పు బాపుకు, నువ్వు చెప్తే ఇంటడు."

నేను చెబితే వింటాడట. మేమిద్దరం మాట్లాడుకోమన్న సంగతి దానికి తెలియదు. తెలిస్తే ఆ తప్పు కూడా తన నెత్తిన వేసుకుంటుందని ఏనాడూ చెప్పలేదు. తల ఊపి, కోమలకు జడ వేసి, సాయంత్రం లేచాను. సచిన్ డ్యూటీ నుంచి వచ్చి బండి మీద స్టాండు దాకా దింపాడు. బస్సు కదిలేదాకా నిలబడి, "ఆయీ, పరత్ యా" అన్నాడు, మళ్లీ రమ్మని. మంచి పిల్లవాడు.

ఆ రాత్రి అన్నం ముందు ఆయన కంచంలో అర్చన కట్టిచ్చిన పోలెలు పెట్టాను. మా ఇంట్లో అంత పల్చటి పోలె ఎవరూ చెయ్యరు, జాజికాయ అసలే వెయ్యరు. ఆయన వాటివంక చూశాడు. ఒకటి తిన్నాడు. కాసేపాగి రెండోదీ తిన్నాడు. చెయ్యి కడుక్కొని గోడతో, "గింత ఎండల తిరిగితే పానం ఖరాబైతది," అన్నాడు.

"తిరగాల్సినోళ్లు తిరగకపాయె," అన్నాను నేను గిన్నెలతో.

ఈసారి ఆయన బట్టల సంచి తీయలేదు. అప్పుడే చెప్పేసి ఉండాల్సింది, నువ్వు పిలిస్తే వస్తుందట అని. గోడలతో గిన్నెలతో మాట్లాడుకునే మాటలు ఉప్పూ కారం దాకానే సరిపోతాయి, ఇంత పెద్ద మాటకు మనిషి కావాలి. నేరుగా ఆయన మొహం చూసి నోరు తెరవాలంటే ఆరేళ్ల తుప్పు వదలాలి. రేపు చెబుతా అనుకున్నాను. తెల్లారాక, ఆయన చాయ్ తాగాక చెబుతా అనుకున్నాను. మిరుగు కార్తె వచ్చి మొదటి వాన పడింది, ఆ రేపు మాత్రం రాలేదు.

*

కొత్త గుడి బాగుంది, అబద్ధం చెప్పను. లోపలికి అడుగుపెడితే వెలుతురే వెలుతురు. ఎత్తున తెల్లరాతి బలిపీఠం, దాని వెనక గోడమీద ఒక్క సిలువ, పక్కన చిన్న దీపంతో, దివ్యప్రసాదం ఉంచే మందసం. మరియమాతా జోజప్పా తమ తమ వైపులు విడిచి పీఠానికి దగ్గరగా వచ్చారు. కొత్త చెక్క వాసన, వార్నిషు వాసన. నా కిటికీ ఉంది గాని, దాని కింద కూర్చుంటే కనిపించేది ముందు బెంచీవాళ్ల వీపులే.

జనం వచ్చారు, అలవాటు ఎక్కడికి పోతుంది? ఆడవాళ్లంతా ఎడమ బెంచీల్లోకి, మగవాళ్లంతా కుడి బెంచీల్లోకి పోయారు. ఇద్దరు ముసలమ్మలైతే బెంచీ ఉండగా దానిముందు నేలమీదే కొంగు పరుచుకొని కూర్చున్నారు. ఫాదర్ మైకు పట్టుకొని, "పరివార్, పరివార్, అందరూ ఇంటివాళ్లతో కూర్చోండి," అని బతిమాలాడు. అప్పుడు లేచారు. మొగుళ్లు నడిమి దారి దాటి పెళ్లాల దగ్గరికి వస్తుంటే, ఆ సిగ్గులు చూడాలి, నిన్ననే పెళ్లయినట్టు. సారక్క కూడా లేచి తన వాళ్ల దగ్గరికి పోయింది.

బెంచీలో నేనొక్కదాన్నే మిగిలాను. ఎండాకాలమంతా నేను భయపడింది ఇదే. చెంగు చేతికి చుట్టుకుంటూ టైల్స్ వంక చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు అందరికీ తెలిసిపోతుంది అనుకున్నాను.

ఆయన వచ్చాడు. నడిమి దారి దాటి, బెంచీ దాకా వచ్చి, ఒక్క క్షణం నిలబడి, కూర్చున్నాడు. నా పక్కన కాదు, దారివైపు చివర. మా మధ్య ముగ్గురు పట్టేంత జాగ వదిలాడు. నా పక్కన కూర్చోవడం ఇంత కష్టమా అనుకొని కుమిలిపోయాను.

గుడి నిండిపోయింది. వెనక నిలబడ్డారు కొందరు. సారక్క కొడుకు నాగేష్ చంకలో పిల్లతో, వెనక భార్యతో మా బెంచీ దగ్గరికి వచ్చాడు. "కాకా, జర జరుగుండ్రి, మేం కూసుంటం."

మా ఆయన ఆ ఖాళీ చెక్కమీద అరచెయ్యి ఆనించాడు. "లేదు బిడ్డా. మా అర్చనోళ్లొస్తరు."

అర్చన. ఆ నోటి నుంచి ఆ పేరు విని ఆరేళ్లయింది. పిలిచాడన్నమాట! నాకు చెప్పకుండా, తనంత తానే పిలిచాడన్నమాట. పోలెలు తిన్న రాత్రి తర్వాతే పిలిచి ఉంటాడు. ఆ మనిషిని అన్నేసి మాటలు మనసులో అనుకున్నందుకు అక్కడికక్కడే దేవుణ్ని క్షమించమన్నాను.

ఇక నా చూపంతా తలుపు మీదే. పాటలయ్యాయి, పఠనాలయ్యాయి, ఫాదర్ ప్రసంగం ఏం చెప్పాడో ఒక్క ముక్క చెవిన పడలేదు. గుమ్మంలో నీడ కదిలినప్పుడల్లా మెడ చాపి చూసేదాన్ని. గడ్‌చాందూర్ బస్సు ఆలస్యమై ఉంటుంది, పిల్లకు అన్నం పెట్టి బయల్దేరి ఉంటారు, సచిన్ డ్యూటీ దిగి ఉండడు. ఓరకంట చూస్తే ఆయనా తలుపువంకే చూస్తున్నాడు. వెనక నాగేష్ పిల్లను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంటూ నిలబడే ఉన్నాడు. మేం ఇద్దరం ఆ జాగ వదల్లేదు.

ఒకరికొకరు సమాధానం చెప్పుకోండి అన్నాడు ఫాదర్. అన్ని బెంచీల్లో మొగుళ్లు పెళ్లాలకు, పిల్లలు తల్లులకు చేతులు జోడించి నవ్వుకుంటున్నారు. ఆయన దారికి అటుపక్కవాళ్ల వైపు తిరిగాడు. నేను వెనక బెంచీవైపు తిరిగాను. మధ్యన జాగ అలాగే ఉంది.

పూజ అయిపోయింది. బయట షామియానా కింద బూందీ, చాయ్ పంచుతున్నారు. గుడి మెల్లమెల్లగా ఖాళీ అయింది. మేమిద్దరం లేవలేదు. గంట కొట్టే చిన్నయ్య కిటికీలు ఒక్కొక్కటే మూసుకుంటూ వస్తున్నాడు.

"రాలేదేంది?" అన్నాడు ఆయన.

చుట్టూ చూశాను. గోడ చాలా దూరంలో ఉంది. అడిగింది నన్నే.

"ఏమో. నువ్వెప్పుడు రమ్మన్నవో."

"నేనా?" నా మొహంలోకి చూశాడు. "నువ్వు పోయొస్తివి గద గడ్‌చాందూర్. నువ్వు చెప్పొచ్చినవనుకున్న."

"చెప్పొచ్చిన. నువ్వు పిలిస్తెనే వస్తనన్నది. నాగేష్‌తోని గట్ల అంటివి గద, పిలిచినవనుకున్న."

"మరి గా ముచ్చట నాకెందుకు చెప్పలే?"

అడిగాక ఆయనకే తెలిసింది, అది అడగాల్సిన మాట కాదని. తల దించుకొని ఆ కొత్త చెక్కను బొటనవేలితో రుద్దుతూ ఉండిపోయాడు. ఇన్నాళ్లూ దాన్ని నేను పిలిచానని ఆయన, పూజంతా ఆయన పిలిచాడని నేను. అక్కడ గడ్‌చాందూర్‌లో అది పొద్దుట్నుంచీ ఫోన్ చూసుకుంటూ కూర్చొని ఉంటుంది. మా ఇంటి ముగ్గురం మూడు చోట్ల ఒకరి కోసం ఒకరం కాచుకొని ఉన్నాం, ఒక్క మాట లేక.

చిన్నయ్య మా వైపు కిటికీ దాకా వచ్చి, మమ్మల్ని చూసి, అది మూయకుండానే బయటికి పోయాడు.

ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. చేతిలో పట్టుకొని చాలాసేపు చూశాడు.

"నా తాన దాని నంబర్ లేదు," అన్నాడు.

కన్నతండ్రి దగ్గర కూతురి నంబరు లేదు. నాకు నోటికి వచ్చు. మాకు అంకెలన్నీ హిందీలోనే అలవాటు, ఒక్కొక్కటే చెప్పాను. ఆయన కళ్లద్దాలు పైకి జరుపుకొని ఒక్కొక్కటే నొక్కాడు. చెవికి పెట్టుకోబోయి, ఆగి, స్పీకరు పెట్టి, ఫోనును మా మధ్యనున్న ఖాళీలో, బెంచీ మీద ఉంచాడు.

మోగింది. ఖాళీ గుడిలో ఆ చప్పుడు చాలా పెద్దగా వినిపించింది.

"హలో, కోణ్ బోల్తంయ్?" అంది అర్చన.

ఎవరు మాట్లాడేది అని అడిగింది, మరాఠీలో, కొత్తవాళ్లను అడిగినట్టు. ఆయన సిమ్ము మార్చాక ఈ నంబరు దానికి తెలియదు. ఆయన నావంక చూశాడు. నన్నే చెప్పమని ఆ చూపు. నోటిదాకా వచ్చింది గాని నేను చెప్పలేదు, పెదవులు బిగబట్టి కూర్చున్నాను.

"హలో? కోణ్?"

"నేను," అన్నాడు. "మీ బాపును. పూజ అయిపోయింది బిడ్డా. నీకు జాగ వట్టుకొని కూసున్నం."

అటువైపు వెనక ఎక్కడో కోమల మాటలు వినిపిస్తున్నాయి. అర్చన ఫోన్ పెట్టెయ్యలేదు.